రూటు వెళ్ళింది, మీరు వెతికిన చోటికి కాదు

ప్రశ్న: అయ్యా, మేము ఆత్మకూరు దగ్గర కొంతమందిమి కలిసి ఏటా శివరాత్రికి నల్లమల కాలిబాటన శ్రీశైలం వెళ్ళే భక్తులకు నీళ్ళు, మజ్జిగ, మందులు ఇస్తుంటాం. నాగలూటి మొదలుకొని పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం దాకా మా మనుషులు ఉంటారు. అడవిలో ఫోన్లు పనిచేయవు కదా అని రెండు జీపీఎస్‌లు సమకూర్చుకున్నాం. ఒకటి గార్మిన్ ఈట్రెక్స్ 20ఎక్స్, రెండోది ఎవరో ఇచ్చిన పాత గార్మిన్ 72హెచ్. కంప్యూటర్‌లో అన్నీ తయారుచేసుకుని ఎక్కిద్దామంటే పది రోజులుగా ఒకటే అవస్థ. మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కి ఈట్రెక్స్ పెడితే డ్రైవ్‌లా వస్తుంది, మిత్రుడి ల్యాప్‌టాప్‌కి అతని కేబుల్‌తో పెడితే రాదు. గూగుల్ ఎర్త్‌లో గీసిన దారిని జీపీఎక్స్‌గా (జీపీఎస్‌లు చదివే ఫైలుగా) మార్చి ఎక్కిస్తే రూట్ ప్లానర్‌లో ఏమీ లేదు. అదే దారిని ఒక కుర్రాడు ‘రూటు’గా మార్చి ఇస్తే పెచ్చెరువు దాటాక తెగిపోయింది. విసుగొచ్చి పరికరంలోనే నాగలూటి, శ్రీశైలం రెండు పాయింట్లు పెట్టి రూటు కొడితే దోర్నాల రోడ్డు మీదుగా తిప్పి చూపిస్తోంది (అందులో రోడ్ల మ్యాపు వేయించాం). నీళ్ళ పాయింట్ల ఫైలు ఎక్కింది కానీ ‘మెడికల్ & వాటర్’ అని ఎక్సెల్‌లో తయారుచేసిన ఫైలులో ఒక్క పాయింటూ రాలేదు. కాగితం చూసి పరికరంలో చేత్తో కొట్టిన మఠంబావి పాయింటు, పోయినేడు అక్కడే నిలబడి నొక్కిన పాయింటుకి మూడు నాలుగు వందల మీటర్లు పక్కన పడింది. ఎక్కిన వాటిలో రెండు పాయింట్లయితే మ్యాపులో ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర తేలాయి. 72హెచ్ అసలు డ్రైవ్‌గానే రాదు. పరికరాలు పాడయ్యాయంటారా?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: పరికరాలు శుభ్రంగా ఉన్నాయి. మీరు రాసిన వాటిలో ఒక్కటి కూడా పరికరం చెడిపోయిందనడానికి గుర్తు కాదు. కేబుల్ సంగతి వదిలేస్తే, మిగిలిన చాలాచోట్ల మీరు పంపింది పంపినట్టే చేరింది. మీరు రూటు అనుకుని పంపింది రూటు కాకపోవడం, మఠంబావి అనుకుని టైపు చేసిన అంకెలు మఠంబావివి కాకపోవడం, ఇవే జరిగాయి. ఉత్తరం అందలేదని పోస్టాఫీసు మీద పడే ముందు కవరు మీద ఏ అడ్రసు రాశామో చూసుకోవాలి కదా, ఇదీ అంతే.

కేబుల్ ముచ్చట త్వరగా తేల్చేద్దాం. మీ మిత్రుడి కేబుల్ చార్జింగ్ కేబుల్ అయ్యుంటుంది. మినీ యూఎస్‌బీ తీగల్లో కొన్నింటికి కరెంటు తీగలు రెండే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నేను కూడా ఒకసారి ఇలాంటి కేబుల్‌తోనే రెండు సాయంత్రాలు డ్రైవర్లు మారుస్తూ కూర్చున్నాను, తీగ మార్చాలన్న బుద్ధి మూడో రోజు పుట్టింది. గుర్తు పట్టడం తేలిక. మంచి కేబుల్‌తో పెడితే ఈట్రెక్స్ తెర మీద కంప్యూటర్‌కి తగిలించిన బొమ్మ వస్తుంది. ఉత్త చార్జింగ్ కేబుల్ అయితే వెలుగుతుంది గానీ మామూలు పేజీలే చూపిస్తుంది. మీ ఇంటి కేబుల్‌ని మిత్రుడి ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి. అప్పుడూ రాకపోతే అది ఆఫీసు ల్యాప్‌టాప్ ఏమో అడగండి. చాలా ఆఫీసుల్లో పెన్‌డ్రైవ్‌లు పనిచేయకుండా కట్టడి చేస్తారు, ఈట్రెక్స్ కూడా కంప్యూటర్ కంటికి పెన్‌డ్రైవే.

ఇంకొక్కటి. సెటప్‌లో సిస్టమ్, అందులో ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది. అది ‘గార్మిన్ స్పానర్’ మీద ఉంటే, తగిలించగానే డ్రైవ్‌గా మారాలా అని పరికరం అడుగుతుంది. వద్దంటే డ్రైవ్ రాదు. ‘గార్మిన్ సీరియల్’ మీద పెట్టేయండి, గొడవ ఉండదు.

ఇక అసలు విషయానికొద్దాం. మనం మాట్లాడుకునేటప్పుడు దారి అన్నా, రూటు అన్నా, ట్రాక్ అన్నా ఒకటే. జీపీఎస్‌కి మాత్రం అవి వేర్వేరు జాతులు. వేపాయింట్ అంటే ఒక చోటు: ఒక బావి, ఒక శిబిరం. రూటు అంటే కొన్ని చోట్లని వరసలో పెట్టిన జాబితా: ముందు ఇక్కడికి, తర్వాత అక్కడికి అని. ట్రాక్ అంటే నేల మీద గీసిన గీత, ముగ్గు వేసినట్టు దగ్గరదగ్గరగా వేలాది చుక్కలు. జీపీఎక్స్ ఫైలు ఈ మూడింటినీ మోస్తుంది గానీ మూడింటినీ మూడు అరల్లో పెట్టుకుంటుంది. పరికరం కూడా మూడు చోట్ల చూపిస్తుంది: పాయింట్లు వేపాయింట్ మేనేజర్‌లో, రూట్లు రూట్ ప్లానర్‌లో, గీతలు ట్రాక్ మేనేజర్‌లో.

గూగుల్ ఎర్త్‌లో మీరు గీసింది గీత. గూగుల్ ఎర్త్ దాన్ని కేఎంఎల్ అనే తన సొంత ఫైలుగా దాస్తుంది. దాన్ని ఫైళ్ళ రూపం మార్చే జీపీఎస్‌బేబెల్ సాఫ్ట్‌వేరుతోనో మరొకదానితోనో జీపీఎక్స్‌గా మారిస్తే, గీత కనక ట్రాక్‌గానే మారుతుంది. అంటే మీ దారి పది రోజులుగా ఆ పరికరంలోనే ఉంది. రూట్ ప్లానర్ మూసేసి ట్రాక్ మేనేజర్ తెరవండి, కనిపిస్తుంది. (కేఎంఎల్ ఫైలుకి పేరు చివర జీపీఎక్స్ అని తగిలిస్తే మాత్రం కుదరదు. బస్సు బోర్డు మార్చినంత మాత్రాన బస్సు వేరే ఊరికి పోదు.)

ఆ కుర్రాడు చేసింది ఏమిటంటే, ఆ గీతలోని చుక్కలన్నిటినీ రూటులో పాయింట్లుగా గుచ్చేశాడు. ఈట్రెక్స్ 20ఎక్స్‌లో 200 రూట్లు పెట్టుకోవచ్చు, కానీ ఒక్కో రూటుకి 250 పాయింట్లే చోటు. అడవి దారిలో మెలికలన్నీ కలిపితే మీ గీతలో అంతకు ఎన్నో రెట్లు చుక్కలుంటాయి. మొదటి 250 పట్టుకుంది, మిగతావి వదిలేసింది. ఆ 250వ చుక్క పెచ్చెరువు దాటాక పడింది, అంతే. రూటు సగంలో తెగిపోతే చెడిపోయిన ఫైలు కోసం వెతకొద్దు, ముందు పాయింట్లు లెక్కపెట్టండి.

దోర్నాల కథ వేరే. మీరు రోడ్ల మ్యాపు వేయించారు కాబట్టి, రెండు పాయింట్లు ఇవ్వగానే పరికరం దాన్ని కారు ప్రయాణం అనుకుంది. మ్యాపులో ఉన్న రోడ్లు పట్టుకుని ఆత్మకూరు, దోర్నాల, శ్రీశైలం అని మర్యాదగా బస్సు దారి చూపించింది. దానికి నాగలూటి కాలిబాట తెలియదు, తెలియాలని మనం అనుకోకూడదు కూడా. సెటప్‌లో రూటింగ్ అనే చోటికెళ్ళి ‘డైరెక్ట్ రూటింగ్’ పెడితే రోడ్ల జోలికి పోదు (ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేరు, పాతదైతే దాన్నే ‘ఆఫ్ రోడ్’ అంటుంది). కానీ అప్పుడు పాయింటు నుంచి పాయింటుకి తాడు లాగినట్టు తిన్నగా చూపిస్తుంది. భీమునికొలను లోయ దగ్గర తిన్నగా పొమ్మంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే నా సలహా: ఈ దారికి రూటు మానేయండి. ట్రాక్ చాలు. ట్రాక్ మేనేజర్‌లో ఆ ట్రాక్ తెరిచి మ్యాపు మీద కనిపించేలా పెట్టుకుని, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు ఏదైనా ఇచ్చి, ఆ గీత పక్కన మీ బాణం నడుస్తుందా లేదా చూసుకుంటే సరిపోతుంది. గీత వదిలి పక్కకి పోతే తెర మీదే తెలిసిపోతుంది. నీళ్ళు, మందులు పాయింట్లుగా విడిగా ఉంటాయి. రూటు అనేది సముద్రంలో పడవకో, చౌరస్తా నుంచి చౌరస్తాకి పోయే బండికో బాగుంటుంది. మెలికల కాలిబాటకి గీతకు మించింది లేదు.

అయితే గూగుల్ ఎర్త్‌లో గీసిన గీతని పూర్తిగా నమ్మకండి. ఉపగ్రహ చిత్రంలో చెట్ల కొమ్మల కింద బాట కనిపించదు, మీరు ఊహించి గీసినవి చాలా ఉంటాయి. పోయినేడు మీలో ఎవరైనా పరికరంతో నడిచి ఉంటే ఆ నడక ట్రాక్ ఇంకా పరికరంలో ఉండొచ్చు. ఈట్రెక్స్ డ్రైవ్‌లో గార్మిన్ ఫోల్డరు, అందులో జీపీఎక్స్ ఫోల్డరు, దాంట్లో ‘కరెంట్’, ‘ఆర్కైవ్’ అని రెండు ఫోల్డర్లు చూడండి. అవి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, నడిచిన గీత దొరికితే గీసిన గీత పారేయండి. అటవీ శాఖ ఆ దారిని పండగ రోజుల్లోనే తెరుస్తుంది కాబట్టి మధ్యలో వెళ్ళి సరిచూసుకునే వీలు ఉండదు. నడిచిన ట్రాక్ ఉంటే అది బంగారం.

ఇప్పుడు ‘మెడికల్ & వాటర్’ ఫైలు. మీ ఉత్తరంలో ఆ పేరు చూడగానే నాకు నవ్వొచ్చింది, దోషి అక్కడే నిలబడి ఉన్నాడు. జీపీఎక్స్ ఫైలు మామూలు అక్షరాల ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవొచ్చు. కానీ దాని వ్యాకరణం చాలా నిక్కచ్చి. ఆ వ్యాకరణంలో & అనే గుర్తుకి సొంత అర్థం ఉంది, ‘ఇక్కడినుంచి ఒక సంకేతం మొదలవుతుంది’ అని. ఎక్సెల్‌లో గళ్ళు అతికించి మీరు తయారుచేసిన ఫైలులో ఆ గుర్తు ఉత్తగా వచ్చేసరికి, చదువుతున్న యంత్రం అక్కడ ఆగిపోతుంది. ఒక్క పాయింటు పేరులో తప్పుంటే ఒక్క పాయింటే పోతుందనుకుంటాం. కాదు, ఫైలంతా పోతుంది. పైగా పరికరం నోరు మెదపదు. తప్పుందని చెప్పదు, ఏమీ రానట్టు కూర్చుంటుంది.

దీనికి ఖర్చులేని వైద్యుడు మీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాడు. జీపీఎక్స్ ఫైలుకి నకలు తీసి, నకలు పేరు చివర జీపీఎక్స్ తీసేసి ఎక్స్ఎంఎల్ అని పెట్టండి. దాన్ని క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో తెరవండి. బాగుంటే చెట్టు కొమ్మల్లా వరసలు కనిపిస్తాయి. తప్పుంటే ఎన్నో వరసలో, ఎన్నో అక్షరం దగ్గర ఆగిపోయిందో చెప్తుంది. నేరుగా ఆ వరసకి వెళ్ళి & తీసేసి ‘అండ్’ అనో చిన్న గీతో పెట్టండి. చాలావరకు పని అయిపోతుంది.

బ్రౌజరు ఫైలు చివర్లో అదనంగా ఏదో ఉందంటే, మీరు రెండు జీపీఎక్స్ ఫైళ్ళని ఒకదాని కింద ఒకటి అతికించారన్నమాట. ఒక ఫైలుకి ఒక తల, ఒక తోక (మొదలు, ముగింపు వరసలు) ఉండాలి. రెండో ఫైలు తలా, మొదటి ఫైలు తోకా తీసేసి మధ్యలో పాయింట్లు మాత్రమే మిగల్చాలి. అంత ఓపిక లేకపోతే రెండు ఫైళ్ళూ విడివిడిగానే జీపీఎక్స్ ఫోల్డరులో పడేయండి. పరికరం రెండింటినీ వరసగా చదువుకుంటుంది.

నోట్‌ప్యాడ్‌లో మార్చి సేవ్ చేసేటప్పుడు ఒక గుంట ఉంది. విండోస్ మామూలుగా ఫైలు పేరు తోకని దాచిపెడుతుంది. మీకు ‘శిబిరాలు.జీపీఎక్స్’ అని కనిపిస్తున్న ఫైలు అసలు పేరు ‘శిబిరాలు.జీపీఎక్స్.టీఎక్స్‌టీ’ అయ్యుండొచ్చు. ఈట్రెక్స్ దానివైపు కన్నెత్తి చూడదు. ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’ కింద ఫైలు తోకలు కనిపించేలా పెట్టుకోండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే జీపీఎస్‌తోనే కాదు, చాలా గొడవలు తగ్గుతాయి.

ఉత్తర ధ్రువం సంగతి. ఇది అచ్చంగా ఎక్సెల్ గళ్ళ తారుమారు. మన అక్షాంశాలు చిన్నవి, రేఖాంశాలు పెద్దవి. కర్నూలు తీసుకోండి: అక్షాంశం 15.83, రేఖాంశం 78.04. ఈ రెండూ తారుమారు చేసి ఎక్కిస్తే 78.04 ఉత్తరం, 15.83 తూర్పు అవుతుంది. అది ఎక్కడో తెలుసా? నార్వేకి ఎగువన ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో. అక్కడి ముఖ్య పట్టణం లాంగియర్‌బియన్‌కి దక్షిణంగా ఇరవై కిలోమీటర్ల దూరం. మీ భక్తులు అక్కడా ఎలుగుబంట్లకి జడవాల్సిందే, కాకపోతే అవి తెల్లగా ఉంటాయి.

ఇలా ఎందుకైంది? మీరు ఆ రెండు పాయింట్ల అంకెల్ని గూగుల్ ఎర్త్ కేఎంఎల్ ఫైలులోంచి తీసి ఎక్సెల్‌లో పెట్టి ఉంటారు. కేఎంఎల్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాస్తారు. మనం మామూలుగా రాసే పద్ధతికి అది తిరగబడి ఉంటుంది. మిగతా పాయింట్లు చేత్తో టైపు చేశారు కాబట్టి బాగున్నాయి. ఎక్సెల్‌లోనే ఒక కన్నేయండి: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏ చోటైనా అక్షాంశం 12కీ 20కీ మధ్య, రేఖాంశం 76కీ 85కీ మధ్య ఉంటుంది. అక్షాంశం గడిలో 78 కనిపిస్తే దాన్ని చూసి నవ్వుకుని మార్చేయండి.

మఠంబావి మాత్రం నవ్వుకునే తప్పు కాదు. ధ్రువంలో తేలిన పాయింటుతో ప్రమాదం లేదు, చూడగానే తెలిసిపోతుంది. మూడు నాలుగు వందల మీటర్లు పక్కకి జరిగిన పాయింటే అసలు చిక్కు. అది సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, దాహంతో వచ్చినవాణ్ణి పొదల్లోకి పంపుతుంది. కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుదాం.

ఒకే చోటుని మూడు రకాలుగా రాయొచ్చు. ఉదాహరణకి 15 డిగ్రీల 52 నిమిషాల 30 సెకన్లు అనుకోండి. గార్మిన్ పరికరాలు మామూలుగా వాడేది డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో భాగాలు. ఆ లెక్కన అది 15 డిగ్రీల 52.500 నిమిషాలు, ఎందుకంటే 30 సెకన్లంటే అర నిమిషం. జీపీఎక్స్ ఫైలులో మాత్రం ఉత్త డిగ్రీల్లోనే రాయాలి, అప్పుడది 15.8750.

ఇప్పుడు తప్పు ఎలా జరుగుతుందో చూడండి. కాగితం మీద 15–52–30 అని ఉంది. పరికరంలో టైపు చేసేటప్పుడు 52 తర్వాత చుక్క కనిపించింది, దాని పక్కన 300 కొట్టేశారు. కావలసింది 52.500, కొట్టింది 52.300. తేడా ఒక నిమిషంలో ఐదో వంతు, నేల మీద సుమారు 370 మీటర్లు. అడవిలో అంత దూరం నుంచి బావి కనిపించదు, పిలిస్తే మనిషికి వినిపించకపోవచ్చు. అదే కాగితాన్ని చూసి ఎక్సెల్‌లో 15.5230 అని కొట్టినవారు ఇంకా దూరం పోతారు: అది దాదాపు 39 కిలోమీటర్లు దక్షిణానికి పడుతుంది. మీ మఠంబావి తప్పు మొదటి రకంలా ఉంది. మీ కాగితం తీసి ఆ సెకన్లని 60తో భాగించి నిమిషాలకి కలిపి చూడండి, పోయినేడు అక్కడే నిలబడి నొక్కిన పాయింటుకి దగ్గరగా వస్తుంది. ఎలాగూ నిలబడి నొక్కిన పాయింటు ఉన్నప్పుడు కాగితం పాయింటు ఎందుకు, చెరిపేయండి. రెండూ ఉంచితే ఏది అసలుదో శివరాత్రి నాటి రాత్రి ఎవరికీ గుర్తుండదు.

అంకెలు సర్వే వారి పాత టోపో షీటు (కొండలూ వాగులూ చూపే మ్యాపు) మీంచి తీసుకున్నవైతే మరో చిన్న మెలిక ఉంది. ఆ పాత షీట్లు ఎవరెస్ట్ అనే కొలమానం మీద గీసినవి, జీపీఎస్‌లు నడిచేది డబ్ల్యూజీఎస్ 84 మీద. రెంటికీ మన ప్రాంతంలో వంద రెండొందల మీటర్ల తేడా వస్తుంది. పరికరంలో పొజిషన్ ఫార్మాట్ పేజీలో మ్యాప్ డేటమ్ (అంటే ఆ కొలమానమే) డబ్ల్యూజీఎస్ 84 మీద ఉందో లేదో చూసుకోండి, ఎవరైనా మార్చి ఉంటే మళ్ళీ దానికే తెండి. కంప్యూటర్ నుంచి జీపీఎక్స్ ద్వారా ఎక్కే పాయింట్లకి ఈ సెట్టింగుతో పనిలేదు, అవి ఎప్పుడూ డబ్ల్యూజీఎస్ 84లోనే వస్తాయి. పరికరంలో చేత్తో టైపు చేసినవాటికే ఈ సెట్టింగు దెబ్బ.

పాయింట్ల పేర్లు తెలుగులో రాసే ఆలోచన ఉంటే మానుకోండి. నాకూ బాధగానే ఉంది, కానీ ఆ పరికరాల్లో తెలుగు ఫాంటు లేదు. పేరు బదులు డబ్బాలో, ఖాళీయో కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి.

ఇక 72హెచ్. అది పెన్‌డ్రైవ్‌లా కనిపించే రకం కాదు, ఎన్ని కేబుళ్ళు మార్చినా కనిపించదు. గార్మిన్ యూఎస్‌బీ డ్రైవరు వేసి, బేస్‌క్యాంప్ లాంటి సాఫ్ట్‌వేరుతో మాట్లాడించాలి. బేస్‌క్యాంప్‌లో గార్మిన్ కొత్త మార్పులు చేయడం మానేసినా, దించుకుని వాడుకోవచ్చు. అది నచ్చకపోతే జీపీఎస్‌బేబెల్ ఉంది, అమెరికాలో మిన్నెసోటా సహజ వనరుల శాఖ చేసిన డీఎన్ఆర్‌జీపీఎస్ ఉంది. రెండూ ఉచితమే.

దాంట్లో 500 పాయింట్లు, 50 రూట్లే పడతాయి. మీకు అది చాలు. పేర్ల దగ్గరే జాగ్రత్త. ఆ తరం పరికరాల్లో పేరుకి పది అక్షరాల చోటే ఉంటుంది, మిగతాది కోసేస్తుంది. మీరు ‘భీమునికొలను నీళ్ళు’, ‘భీమునికొలను మందులు’ అని ఇంగ్లీషులో రాసి పంపారనుకోండి. మొదటి పది అక్షరాలు రెండింటికీ ఒకటే. పరికరం పేరునే గుర్తుగా పెట్టుకుంటుంది, కాబట్టి రెండో పాయింటు వచ్చి మొదటిదాన్ని తుడిచి దాని చోట కూర్చుంటుంది. సాఫ్ట్‌వేరు తెలివైనదైతే చివర ఒక అంకె తగిలిస్తుంది, అప్పుడు ఏది నీళ్ళో ఏది మందులో తెలియదు. అందుకని తేడా చెప్పే అక్షరాన్ని ముందు పెట్టండి: నీళ్ళకి డబ్ల్యూ, మందులకి ఎం, తర్వాత నంబరు, ఆ తర్వాత ఊరి పేరు పట్టినంత. ఈట్రెక్స్‌కీ అవే పేర్లు వాడితే రెండు పరికరాల వాళ్ళూ ఒకే భాష మాట్లాడుకుంటారు.

72హెచ్‌లోంచి నడిచిన ట్రాక్ వెనక్కి దించేటప్పుడు దాన్ని పరికరంలో ‘సేవ్’ చేయకముందే దించుకోండి. ఆ కాలపు గార్మిన్‌లు సేవ్ చేసేటప్పుడు చుక్కలు తగ్గించి, సమయాలు తీసేస్తాయి. ఇంకో చిత్రం: తేదీ ఇరవై ఏళ్ళ వెనక్కి కనిపిస్తే కంగారు పడకండి. జీపీఎస్ ఉపగ్రహాలు వారాల్ని 1,024 దాకా లెక్కపెట్టి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాయి. 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది. కొన్ని పాత పరికరాలకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తేదీ తప్పినా చోటు తప్పదు. కాకపోతే బేస్‌క్యాంప్ తేదీల వరసలో ఆ ట్రాక్ ఎక్కడో అడుగున దాక్కుంటుంది, వెతుక్కోవాలి.

ఎక్కించేటప్పుడు మీలో ఎవరో తీగ పీకేసే రకం ఉండే ఉంటారు, ప్రతి బృందంలో ఒకరుంటారు. విండోస్‌లో ‘ఎజెక్ట్’ కొట్టకుండా లాగేస్తే ఫైలు సగం రాసి సగం వదిలేసినట్టవుతుంది. ఒక్కోసారి ఆ సగం ఫైలు చదవలేక ఈట్రెక్స్ ఆన్ చేసినప్పుడు మొదటి తెర దగ్గరే బిగుసుకుపోతుంది. పాడైపోయిందని అటకెక్కించొద్దు. బ్యాటరీలు తీసేసి, బొటనవేలితో తిప్పే ఆ చిన్న పుల్లని పైకి నొక్కి పట్టుకుని కంప్యూటర్‌కి తగిలించండి. డ్రైవ్ కనిపించేదాకా అర నిమిషం అలాగే పట్టుకోవాలి. కనిపించాక జీపీఎక్స్ ఫోల్డరులో చివరగా వేసిన ఫైళ్ళు బయటికి లాగేయండి, మళ్ళీ మామూలుగా లేస్తుంది. ఆ డ్రైవ్‌లో ‘గార్మిన్‌డివైస్’ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఒకటుంటుంది. చెత్త అనుకుని దాన్ని మాత్రం తీసేయకండి. పరికరం పేరు, ఊరు అన్నీ బేస్‌క్యాంప్ అందులోనే చదువుకుంటుంది.

ఇప్పుడు కూర్చుని మొత్తం మళ్ళీ ఎక్కించేయకండి. ముందు రెండు పరికరాల్లో ఉన్నవన్నీ కంప్యూటర్‌లోకి దించి, తేదీ రాసి ఒక ఫోల్డరులో పెట్టండి. తర్వాత ఒకే ఒక్క పాయింటుతో ఒక ఫైలు చేయండి, మీ ఇంటి గుమ్మం పాయింటు అయితే ఇంకా మంచిది. అది ఎక్కించి, ఎజెక్ట్ చేసి, వీధి చివరికి వెళ్ళి అక్కడినుంచి ఇంటికి దారి చూపించమనండి. సరిగ్గా గుమ్మం దాకా తెస్తే (ఐదు పది మీటర్లు అటూ ఇటూ సహజం) మీ కేబుల్, ఫైలు, అంకెల పద్ధతి మూడూ బాగున్నట్టే. అప్పుడు నీళ్ళ పాయింట్లు, తర్వాత మందులవి, చివర్న ట్రాక్. ఒక్కోటి ఎక్కించాక పరికరంలో లెక్క చూసుకోండి: ఎక్సెల్‌లో ఎన్ని వరసలుంటే వేపాయింట్ మేనేజర్‌లో అన్ని పెరగాలి. పాత నకళ్ళు మిగిలిపోయి ఒకే చోట రెండేసి జెండాలు కనిపిస్తుంటే, పాత ఫైలు కూడా జీపీఎక్స్ ఫోల్డరులోనే ఉండిపోయిందన్నమాట, దాన్ని తీసేయండి.

ఇంత చేశాక కూడా ఏదైనా ఫైలు మొండికేస్తే ఆ ఫైలునే నాకు పంపండి. తెర ఫొటోలు వద్దు, వాటిలో & కనిపించదు.